లావు తీగ కుడి పక్కన

నేను ఒక వయొలిన్‌ను. మొదటే ఒక నిజం ఒప్పేసుకుంటాను, లేకపోతే తరువాత ఇంకెవరో చెప్పి నా పరువు తీస్తారు. నా పొట్టలో అంటించిన కాగితం మీద రెండు వందల ఏళ్ళ కిందట పోయిన ఒక ఇటలీ పనివాడి పేరు ఉంటుంది. అది అబద్ధం. ఆయన నన్ను కలలో కూడా చూడలేదు. జర్మనీలో కొండల మధ్య ఒక ఊళ్ళో, ఒకడు మెడలు చెక్కి, ఇంకొకడు పొట్టలు తొలిచి, మరొకడు జిగురు పూసి, వారానికి నలభై చొప్పున పెట్టెల్లో సర్దే కార్ఖానాలో పుట్టాను. మీ నాన్న ఎవరు అని అడిగితే ఏ పదహారు మందినో వరసగా నిలబెట్టాలి. మనుషులు మాత్రం ఇప్పటికీ టార్చిలైటు వేసి ఆ కాగితం చదివి, కళ్ళు పెద్దవి చేసి, నన్ను రెండు చేతులతో పట్టుకుంటారు. కాగితం లేకపోతే ఒక్క చేత్తో పట్టుకునేవారు.

నేను చెప్పబోయేది నా కథ అని మొదలుపెట్టాను కానీ, నిజానికి నాకు పెద్ద కథ లేదు. ఇది బండెల జీవరత్నం కథ. అతని గురించి చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. అందుకని చెక్కముక్కనైన నేను నోరు విప్పాల్సి వచ్చింది.

ఒక మిషనరీ దొరసాని నన్ను ఓడలో మద్రాసుకు, అక్కడి నుంచి రైల్లో సికింద్రాబాదుకు తెచ్చింది. ఆవిడ భక్తి గొప్పది, చెవి మాత్రం అంతంత మాత్రం. ఇరవై ఏళ్ళు ఆవిడ చేతిలో కీచుమంటూ దేవుణ్ణి స్తుతించాను. దేశం వదిలి వెళ్ళేటప్పుడు లాలాగూడ చర్చికి నన్ను ఇచ్చేసి వెళ్ళింది. అక్కడ పాటల బృందాన్ని నడిపే ఎలీషా నన్ను అందుకున్నాడు. రైలుపెట్టెలు బాగుచేసే కార్ఖానాలో ఆయన వడ్రంగి. వారమంతా చిత్రిక పట్టిన చేతులతో ఆదివారం నన్ను పట్టుకునేవాడు. నాకు అప్పుడు తెలిసింది, నాకూ గొంతు ఉందని.

ఒక వానాకాలం నా పొట్ట నిలువునా పగిలింది. ఎవరైనా అయితే పొయ్యిలో పెట్టేవారు. ఎలీషా వేడి కత్తితో జిగురు కరిగించి, నన్ను విప్పి, ఫస్టుక్లాసు పెట్టె కిటికీ చట్రంలోంచి మిగిలిన టేకుముక్క ఒకటి పలచగా చెక్కి, పగులు మీద లోపలి నుంచి అతికించాడు. ఆ అతుకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి నన్ను నేను జర్మనీదాన్ని అనుకోవడం మానేశాను. నాది లాలాగూడ.

ఎలీషా కొడుకే రత్నం. తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. పదిహేడేళ్ళకు తండ్రిని మించిపోయాడు, తండ్రే ఆ మాట చర్చి మెట్ల మీద నిలబడి నలుగురితో చెప్పుకుని మురిసిపోయాడు. ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. రోడ్డుకు అవతల ఆంగ్లో ఇండియన్ల క్వార్టర్లలో ఐరిస్ అనే ఇంజను డ్రైవరు కూతురు ఉండేది. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకు పియానో వాయించేది. వాళ్ళ ఇంటి కిటికీలోంచి గ్రామఫోను వినబడేది. రత్నం నన్ను చంకలో పెట్టుకుని ఆ కిటికీ కింద గంటలకు గంటలు నిలబడేవాడు. జనం అది ప్రేమ అనుకున్నారు. ప్రేమే, కానీ గ్రామఫోను మీద.

ఒకరోజు ఐరిసే బయటికి వచ్చి అడిగింది. రైల్వే కాలనీ తెలుగు ఆమెది, చిన్నా పెద్దా అందరినీ నువ్వు అనేది.

"ఎందుకు రోజూ నిలబడతావు? లోపలికి వచ్చి వినొచ్చు కదా."

"ఆ పాట ఏందో తెల్వాలె. ఒకసారి వాయించినట్టు ఇంకోసారి వాయిస్తలేరు."

"అదే జాజ్. పాట అందరికీ తెలుసు. దాన్ని పట్టుకుని నువ్వు ఏం చెప్తావో అది కావాలి. నిన్న చెప్పింది ఇవాళ చెప్పకూడదు."

రత్నం మొహం చూడాలి అప్పుడు! పుట్టిన దగ్గర నుంచి ఒకే కీర్తనను ఒకే తీరుగా వాయించినవాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నా మీద ఎక్కడెక్కడికో పరిగెత్తాడు. నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. ఎలీషా పక్క గదిలోంచి "ఫిడేలుకు పురుగు బట్టిందా ఏంది?" అని అరిచాడు.

సికింద్రాబాదులో ఒక పెద్ద హోటల్లో ఆదివారాలు పొద్దున పదకొండు గంటలకు జాజ్ వాయించేవాళ్ళు కూడేవారు. ఎవరైనా రావచ్చు, వాయించవచ్చు. అక్కడ ఒకటే నియమం, ఎవరూ రాయలేదు గానీ అందరికీ తెలుసు. పాట మీద ఒక్కొక్కరు వంతులవారీగా తమ కల్పన చేస్తారు. ఒకడు లోపలికి వెళ్ళి ఏదో దొరకబుచ్చుకుంటున్నాడని తెలిస్తే, మిగతావాళ్ళు అతన్ని ఆపకూడదు. కొంప మునిగినా సరే, కింద తాళం పట్టుకునే ఉండాలి. అతనే కళ్ళు తెరిచి తల ఊపితే అప్పుడు ముగింపు. ఒక ఆదివారం రత్నం కళ్ళు మూసుకుని వాయిస్తుంటే సర్వర్లు కుర్చీలు ఎత్తి బల్లల మీద బోర్లించేశారు, దీపాలు ఆర్పేశారు. ఐరిస్ పియానో వదల్లేదు. ఈ నియమం గుర్తుంచుకోండి. మా అందరి కొంపా ముంచింది అదే.

చర్చిలో ఆరాధన పదింటికి మొదలు. పదకొండింటికి పాస్టరుగారు ప్రసంగానికి లేస్తారు. రెండో కీర్తన కాగానే రత్నం నన్ను పెట్టెలో సర్దుకుని పక్క తలుపులోంచి జారుకునేవాడు. ఆఖరి కీర్తనకు ఫిడేలు ఉండేది కాదు. నాలుగు వారాలు చూసి ఎలీషా ఇంట్లో కూర్చోబెట్టి అడిగాడు.

"ఆదివారం పదకొండు గంటలకు దేవుడు యాడుంటడో నాకు ఎర్కే బిడ్డా. నువ్వు యాడుంటవో చెప్పు."

"ఆడ గూడ ఉంటడు నాయినా."

ఎలీషా నా పెట్టె మీద చెయ్యి వేసి నిమిరాడు. "గట్లయితే ఇది గూడ తీస్కపో. మళ్ళ చర్చికి తేకు" అన్నాడు. ఆ తరువాత తొమ్మిదేళ్ళు తండ్రీ కొడుకులకు మాటల్లేవు. అంత మంచి మనుషులు, అంత మొండి మనుషులు. నన్ను విప్పి అతికించడం తెలిసినాయనకు ఇది అతికించడం చేతకాలేదు.

రత్నం, ఐరిస్ బొంబాయి వెళ్ళారు. సముద్రం పక్క హోటల్లో బ్యాండు. జీవరత్నం అన్న పేరుకు దొరల నోరు తిరగదని మేనేజరు జెర్రీ అని బోర్డు రాయించాడు. జెర్రీని వినడానికి జనం చెవులు కోసుకునేవారు. సినిమా రికార్డింగులకు కూడా పిలిచేవారు. అక్కడ నలభై వయొలిన్లు, నలభై కమానులు ఒక్కసారి పైకి, ఒక్కసారి కిందికి, పోలీసు కవాతులాగా. రత్నం ఊపిరి బిగబట్టుకుని వాయించేవాడు. ఒక్క సినిమాలో అతనికి ఒక్కడికే కాసిని క్షణాలు విడిగా ఇచ్చారు. సినిమా వచ్చాక మొదటి ఆటకు వెళ్ళి చూస్తే ఆ ముక్క లేదు, కత్తిరించేశారు.

అలా ఏడేళ్ళు. వాయించినది వాయించినట్టు గాల్లో కలిసిపోయింది. మంచి సంగీతం కలిసిపోయింది, నేను అబద్ధం చెప్పను. మళ్ళీ అదే వాయించమంటే అతనికీ రాదు, అది ఆ సంగీతం స్వభావం. ఒకరోజు సముద్రం గట్టు మీద కూర్చుని ఐరిస్‌తో అన్నాడు.

"నిన్న మస్తు వచ్చింది కదా ఐరిస్. యాడుంది ఇప్పుడు? రేపు నేను సచ్చిపోతే నేను వాయించిన్నని ఎవరికి తెలుస్తది? ఒక్కటి మిగలాలె. టేపు మీద. ఒక్కటంటే ఒక్కటి."

అతను జీవితంలో అడిగింది ఇదొక్కటే. మేడలు అడగలేదు.

జబ్బు సంగతి మొదట తెలిసింది నాకే. ఎడమ చేతి చిటికెన వేలు తీగ మీద పడటంలో తేడా వచ్చింది. ఎప్పుడూ తేలిగ్గా వాలే వేలు, గట్టిగా నొక్కడం మొదలుపెట్టింది. తీగ తగిలిందో లేదో దానికి తెలియడం లేదు. నేను గట్టిగా చెప్పగలిగితే బాగుండేది. నా నోరు అతని వేళ్ళే కదా, ఎలా చెప్పను? అతను తప్పు నాది అనుకున్నాడు. తీగలు మార్చాడు, బిరడాలు మార్చాడు, నన్ను నానా మాటలూ అన్నాడు. ఒక సాయంత్రం సిగరెట్టు పట్టుకుని ఏదో ఆలోచనలో ఉంటే ఐరిస్ కేక పెట్టింది.

"రత్నం! నీ వేలు కాలుతోంది!"

అతను తల వంచి చూసుకున్నాడు. చర్మం కమిలి పొగ వస్తోంది. అది పక్కవాడి వేలైనట్టు చూశాడు.

సికింద్రాబాదు తిరిగి వచ్చేశారు. ఊరికి దూరంగా ఉన్న ఒక ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ అతని మోచేతి దగ్గర నరం తడిమి చూసింది, కళ్ళు మూసుకోమని చెప్పి దూదితో వేళ్ళ మీద రాసింది. చిటికెన వేలికి, ఉంగరం వేలికి తెలియలేదు.

"ఇది కుష్ఠు. పాపమూ కాదు, శాపమూ కాదు, చిన్న క్రిమి. మందుంది, నయమవుతుంది" అంది.

"వేళ్ళు?"

ఆవిడ అబద్ధం చెప్పే రకం కాదు. "చచ్చిన నరం తిరిగి రాదండీ. ఈ రెండు వేళ్ళూ మెల్లగా ముడుచుకుంటాయి. ఆరు నెలలు పట్టవచ్చు, ఇంకా ముందే కావచ్చు."

రత్నం తిరుగు దారిలో నా పెట్టెను గుండెకు అదుముకుని కూర్చున్నాడు. ఆ గుండె చప్పుడు నాకు తీగల్లో వినబడింది. ఆరు నెలలు, ఆరు నెలలు అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

అప్పటికి పాత హోటల్లోనే మళ్ళీ వాయిస్తున్నాడు. ఆస్పత్రి వరసలో అతన్ని ఎవరో చూశారు. మరుసటి ఆదివారం వెళ్ళేసరికి స్టేజీ అంతా ఫినాయిలు వాసన. అతని కుర్చీ పెరట్లో కాలుతోంది. మేనేజరు ఇరవై అడుగుల దూరంలో నిలబడి, చాలా మర్యాదగా, "ఆ వయొలిన్ కూడా ఇక్కడే పడేసి వెళ్ళండి సార్, కాల్చేస్తాం. పదిమంది వచ్చే చోటు" అన్నాడు. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని వాయించినవాళ్ళు నేల చూపులు చూశారు. రత్నం కాళ్ళు కదల్లేదు. ఐరిసే వచ్చి, నన్ను అతని చేతిలోంచి తీసుకుని, ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో అతని ఎడమ చేతిని పట్టుకుని ముందు గుమ్మంలోంచే నడిపించుకుని వెళ్ళింది. ఆ హోటలు పేరు చెప్పను. కానీ మళ్ళీ వస్తుంది కథలో.

ఐరిస్ ఎవరెవరి కాళ్ళు పట్టుకుందో తెలియదు, రేడియోలో పావుగంట సంపాదించింది. పాశ్చాత్య సంగీతం కార్యక్రమం. మధ్యాహ్నం రెండింటికి రికార్డింగు. ఆమె పియానో, అతను, నేను, అంతే. అద్దం వెనక ఇంజనీరు ముందే చెప్పాడు.

"పదిహేను నిమిషాలే సార్. రీలు ఒక్కటే ఇచ్చారు. ఇవాళ తప్పితే మళ్ళీ చెప్పలేను."

"సరిపోతది" అన్నాడు రత్నం. చిటికెన వేలు అప్పటికే కొద్దిగా వంగి ఉంది. వేడినీళ్ళలో ముంచి, మరో చేత్తో సాగదీసి, అద్దం వెనకాయన చూడకుండా నా మీద పెట్టాడు.

మొదటి పాట బాగానే వచ్చింది. రెండో పాటలో పై స్వరానికి వెళ్ళేచోట చిటికెన వేలు జారింది. తప్పు స్వరం పలికింది. ఎవరికి తెలిసినా తెలియకపోయినా మా ముగ్గురికీ తెలిసింది. అతని చెమట నా మీద పడింది. పాట ఎలాగో ముగించాడు. పన్నెండు నిమిషాలు అయిపోయాయి.

మూడోది ఎలీషా పాట. కార్ఖానాలో చిత్రిక పడుతూ ఆయన పాడుకునే కీర్తన. రత్నం మొదటి చరణం తండ్రి వాయించినట్టే, ఏ వంకరా లేకుండా వాయించాడు. తరువాత చిటికెన వేలిని పక్కకు తీసి పెట్టేశాడు. ఇక నిన్ను నమ్ముకోను పో, అన్నట్టు. మూడు వేళ్ళతో బయలుదేరాడు. అందని స్వరాలను వదిలేసి, అందే వాటి మధ్య కొత్త దారులు వెతుక్కున్నాడు. కాసేపటికి ఉంగరం వేలు కూడా మొరాయించింది. దాన్నీ వదిలేశాడు. రెండు వేళ్ళు. ఆ రెండింటినీ తీగ మీద జార్చుకుంటూ, ఏడుస్తూ నవ్వుతూ మాట్లాడే మనిషిలాగా వాయించాడు. తొమ్మిదేళ్ళు తండ్రితో అనలేనిదంతా అన్నాడు. నేను అప్పటికి నలభై ఏళ్ళకు పైగా మోగుతున్నాను. అంతకు ముందు మోగినదంతా ఈ పాట కోసం గొంతు సవరించుకోవడమే అనిపించింది. ఎలీషా వేసిన టేకు అతుకు కూడా అదిరింది.

అద్దం వెనక రీలు మాత్రం అతను రెండో చరణం ఎత్తుకోగానే అయిపోయింది. నేను చూశాను. ఐరిస్ కూడా చూసింది. టేపు కొస ఊడిపోయి టపటపా కొట్టుకుంటోంది. ఇంజనీరు రెండు చేతులూ ఊపుతున్నాడు. రత్నం కళ్ళు మూసుకుని ఉన్నాడు.

ఆపి ఉంటే? ఇంకో రీలు బతిమాలి తెచ్చుకునేవాళ్ళమేమో. ఏడ్చి మొత్తుకుంటే ఆ ఇంజనీరు ఇచ్చేవాడేమో, మనసున్నవాడే. కానీ లోపలికి వెళ్ళినవాణ్ణి ఆపకూడదు. ఆదివారం పదకొండు గంటల నియమం అది. ఐరిస్ అద్దం వైపు నుంచి మొహం తిప్పేసుకుంది. కింద తాళం పట్టుకునే ఉంది. రీలు ఆగాక నాలుగు నిమిషాలు అతను వాయించాడు. అసలుది ఆ నాలుగు నిమిషాలే.

అతను కళ్ళు తెరిచి తల ఊపాడు. ముగిసింది. మొహం కడిగిన పలకలా ఉంది.

"వచ్చిందా ఐరిస్?"

"వచ్చింది" అంది ఐరిస్. ఇంజనీరు నోరు తెరవబోయి, ఆమె మొహం చూసి, మూసేసుకున్నాడు.

ఆ వారమే రత్నం ఆస్పత్రిలో చేరాడు. మూడు వారాల తరువాత ప్రసారం. చావిట్లో ఒక రేడియో ఉండేది. రోగులంతా చుట్టూ కూర్చున్నారు, మా అన్న రేడియోలో వాయించిండట అని పక్క వార్డువాళ్ళను కూడా పిలుచుకొచ్చారు. మొదటి పాట. రెండో పాట, ఆ తప్పు స్వరం, అలాగే ఉంది, సాగదీసి వినిపించినట్టు. మూడో పాట మొదటి చరణం. రత్నం ముందుకు వంగాడు. రెండో చరణం ఎత్తుకోగానే చప్పుడు సన్నబడిపోయింది. "ఇంతటితో ఈ కార్యక్రమం సమాప్తం" అంది ఒక తియ్యటి గొంతు. రోగులు చప్పట్లు కొట్టారు. వేళ్ళు లేని అరచేతులతో కూడా కొట్టారు. రత్నం కొట్టలేదు.

తరువాతి ఆదివారం ఐరిస్ వచ్చింది. ఆమె కూర్చోకముందే అడిగాడు.

"నీకు ఎర్కేనా?"

"తెలుసు."

"ఎందుకు ఆపలే?"

"ఆపితే అది వచ్చేది కాదు రత్నం. నువ్వు వాయించావు. నేను విన్నాను కదా."

"నువ్వు సచ్చిపోతవ్ ఐరిస్!" అని అరిచాడు. వార్డంతా తిరిగి చూసింది. "నువ్వు సచ్చిపోతవ్, అది నీతోని పోతది. నేను టేపు అడిగిన. ఒక్కటే అడిగిన."

ఐరిస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె తప్పు చేసిందని నేను అనలేను. చెయ్యలేదనీ అనలేను. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను, తేలలేదు.

వారం తిరక్కుండా ఇంకొకరు వచ్చారు. నడుం వంగిన ఎలీషా. గుమ్మంలో నిలబడి కొడుకు చేతిని చూశాడు. తొమ్మిదేళ్ళ తరువాత మొదటి మాట ఇది:

"పక్కింటోళ్ళ రేడియోల విన్న బిడ్డా. మూడోది మన పాటే కదా. మొదటి చరణం నాలెక్కనే వాయించినవ్." మంచం అంచున కూర్చున్నాడు. "తర్వాత ఏమైంది?"

 తర్వాత ఏమైందో చెప్పడానికి రత్నం దగ్గర ఉన్నవి రెండు వేళ్ళు. నన్ను అందుకుని వాయించబోయాడు. మొద్దుబారడం ఆ రెండు వేళ్ళ కొసలకూ పాకింది. తీగ కోసుకుని రక్తం వస్తున్నా అతనికి తెలియలేదు. డాక్టరమ్మ పరుగున వచ్చి నన్ను లాగేసుకుంది. "పుండు పడితే వేలే తీసెయ్యాల్సి వస్తుంది. ఎడమ చేత్తో ఇక ముట్టుకోవద్దు" అంది. ఎలీషా రైలు వేళకు వెళ్ళిపోయాడు, ప్రశ్న అక్కడే వదిలేసి.

నెల రోజులు రత్నం గోడవైపు తిరిగి పడుకున్నాడు. తరువాత ఒక పొద్దున లేచి, నన్ను ఒళ్ళో పెట్టుకుని, తీగలన్నీ ఊడదీశాడు. నా పని అయిపోయింది అనుకున్నాను. కాదు. మళ్ళీ కట్టాడు, తలకిందుల వరసలో. ప్రపంచంలో ఏ వయొలిన్‌కైనా, ఎదురుగా పెట్టుకుని చూస్తే, లావు తీగ ఎడమ పక్క, సన్న తీగ కుడి పక్క. అతను లావు తీగను కుడి పక్కకు, సన్నదాన్ని ఎడమకు తెచ్చాడు. ఎడమ చెయ్యి తీగలు నొక్కలేకపోతే కుడి చెయ్యి నొక్కుతుంది. ఎడమ చెయ్యి కమాను పడుతుంది. రోగులకు చెప్పులు కుట్టే పోచయ్య, అతనూ పాత రోగే, ముడుచుకున్న వేళ్ళకు కమానును బిగించే తోలుపట్టీ ఒకటి కుట్టి ఇచ్చాడు.

నా బాధ అడగకండి. నా లోపల ఒక పుల్ల ఉంటుంది, ఒక పక్కన లావు తీగ కింద ఒక బద్ద ఉంటుంది. అవన్నీ ఉన్నచోటే ఉన్నాయి, తీగలు మాత్రం మారాయి. గొంతు బొంగురుపోయింది. అతను ముప్పైమూడేళ్ళ వయసులో సరిగమలు దిద్దుకునే పిల్లాడిలా కీచుమనిపిస్తుంటే నాకు దొరసాని గుర్తొచ్చింది. రోజుకు ఆరు గంటలు. మూడేళ్ళు. కుడి చేతి వేళ్ళకు స్వరాలు నేర్పడానికి పుట్టుకతో వచ్చిన బుద్ధినంతా తిరగేసుకున్నాడు. కసి అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

మూడేళ్ళకు ఎలీషాను పిలిపించాడు. ఆస్పత్రి ప్రార్థన గదిలో, ఆదివారం, పదకొండు గంటలకు. కీర్తన మొదటి చరణం తండ్రిలా వాయించాడు. తరువాత బయలుదేరాడు. బొంగురు గొంతుతో, వణికే కమానుతో, బాగానే వెళ్ళాము. ఎలీషా కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక కళ్ళు తెరిచాడు.

"మంచిగుంది బిడ్డా. కానీ ఆనాటిది ఇది కాదు కదా?"

సంగీతం తెలిసినవాడితో ఇదే కష్టం.

"కాదు నాయినా."

"మరి అది?"

"అది పోయింది."

ఎలీషా ముడుచుకున్న ఆ రెండు వేళ్ళనూ తన అరచేతిలోకి తీసుకుని, చెక్క నునుపు చూసినట్టు మెల్లగా బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. రత్నానికి ఆ స్పర్శ తెలియదు. చూసి తెలుసుకున్నాడు. ఆ చలికాలమే ఎలీషా పోయాడు.

ఐరిస్ కుటుంబమంతా ఆస్ట్రేలియా కదిలిపోయింది. వాళ్ళతో వెళ్ళేముందు ఐరిస్ వచ్చింది, ఇద్దరూ ఆ రికార్డింగు సంగతి ఎత్తలేదు. చాలా ఏళ్ళకు ఒక ఉత్తరం వచ్చింది. పోచయ్య కొడుక్కు ఇంగ్లీషు వచ్చు కనక రత్నం అతనితో పైకి చదివించుకున్నాడు, కళ్ళు అప్పటికే దెబ్బతిన్నాయి. "రత్నం, నేను రోజూ పియానో దగ్గర కూర్చుని ఆ నాలుగు నిమిషాలు గుర్తు చేసుకునేదాన్ని. ఈమధ్య మొదటి ముక్క వస్తుంది, తరువాత నాది కలిసిపోతోంది. ఏది నువ్వు వాయించిందో, ఏది నేను కల్పించిందో తెలియడం లేదు. క్షమించు." రత్నం ఆ ఉత్తరం మడిచి నా పెట్టెలో పెట్టాడు. ఆ రోజు నన్ను తీయలేదు.

జబ్బు ఎప్పుడో నయమైంది. అయినా ఎక్కడికి పోతాడు? ఆ ప్రార్థన గదిలో ఇరవై ఆరేళ్ళు వాయించాడు. ఏ ఆదివారం వాయించినట్టు మరో ఆదివారం వాయించలేదు. ఒక్కటీ ఎవరూ టేపు చేయలేదు. అతను ఇక అడగలేదు కూడా. తను పోయిన రోజు కూడా తీగలు సవరించి పెట్టాడు, కుడి పక్క లావు తీగ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే.

నేను స్టోరుగదిలో విరిగిన మంచాల మధ్య ఎన్నేళ్ళు ఉన్నానో. ఉత్తరాన్ని చెదలు తిన్నాయి. ఒకనాడు పాత సామానంతా తూకానికి ఎత్తేశారు. ఎవరో కొన్నారు, ఎవరికో అమ్మారు. చివరికి గోడకు తగిలించడానికి ఒక హోటలువాళ్ళు నన్ను కొన్నారు. కూలగొట్టి కొత్తగా కట్టారు గానీ, చోటు అదే. నన్ను కాల్చెయ్యమన్న హోటలే.

తగిలించే ముందు నన్ను బాగుచెయ్యమని ఒక పనివాడికి ఇచ్చారు. మంచి పనివాడు, ఆయన్ని తప్పుపట్టను. దుమ్ము తుడిచాడు, టార్చి వేసి కాగితం చదివి రెండు చేతులతో పట్టుకున్నాడు. టేకు అతుకు చూసి "ఎవరో చేయి తిరిగినవాడే" అని మెచ్చుకున్నాడు. ఎలీషా వింటే మురిసిపోయేవాడు. తరువాత తీగలు చూసి నవ్వాడు.

"ఇదెక్కడిది అన్నారు?"

"కుష్ఠు ఆస్పత్రి స్టోరుదట సార్" అన్నాడు తెచ్చినవాడు.

"అదీ సంగతి. తీగలు తలకిందులుగా కట్టేశారు. పాపం, వాళ్ళకేం తెలుస్తుంది!"

నాలుగు తీగలూ ఊడదీశాడు. సరిగ్గా కట్టాడు. రత్నం ఈ భూమ్మీద వదిలి వెళ్ళిన ఒకే ఒక్క గుర్తును, మూడేళ్ళ కసిని, పది నిమిషాల్లో, ఎంతో శ్రద్ధగా, జాలిగా సరిచేశాడు. నేను కేక పెట్టాను. తీగ బిగిస్తుంటే వచ్చే చప్పుడు అనుకున్నాడు.

ఇప్పుడు గోడ మీద ఉన్నాను. పక్కన దీపం, కింద అట్ట మీద ఆ ఇటలీ ఆయన పేరు. ఆదివారాలు పదకొండింటికి జనం టిఫిన్లకు వస్తారు. నా కిందే ఒక స్పీకరు పెట్టారు. అందులోంచి జాజ్ వస్తుంది, ఎవరెవరివో వయొలిన్లు. టేపు ఎక్కినవాళ్ళవి. ప్రతి ఆదివారం అవే, పొల్లుపోకుండా అవే. బాగుంటాయి. రత్నం అందులో లేడు, ఎందులోనూ లేడు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. నన్ను దించమని కాదు, వాయించమని కాదు. ఆ నాలుగు నిమిషాలు నాకూ పూర్తిగా గుర్తులేవు, ఎందుకు దాచాలి. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి చాలు, తేలికే. లావు తీగ కుడి పక్కన. సన్న తీగ ఎడమ పక్కన. తెలియక కాదు, అతనే కట్టుకున్నాడు.